రన్‌ను ఆపాలంటే ఎక్కడ నిలబడాలి: 4-3 ఓవర్ ఫ్రంట్ మొదటి నుంచి

ఒక్కో పరుగుకు నాలుగు యార్డులు వస్తుంటే ఏ జట్టుకైనా బంతి విసరాల్సిన పనేముంది? మూడు పరుగులకు పన్నెండు యార్డులు, మళ్ళీ ఫస్ట్ డౌన్, గడియారం తిరుగుతూనే ఉంటుంది, మీ అఫెన్స్ బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో రన్‌కు దొరికిపోయే డిఫెన్స్‌లకు బలం లేకపోవడం కన్నా, స్నాప్‌కు ముందే తప్పుచోట నిలబడటం పెద్ద జబ్బు. దీనికి మందు ఉంది. జిమ్‌లో కండలు పెరగడానికి ఏడాది పడుతుంది కానీ సరైన చోట నిలబడటం రెండు వారాల్లో నేర్పొచ్చు.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో మీ అబ్బాయి బడి జట్టులో డిఫెన్స్ ఆడుతుంటే, లేదా చిన్నపిల్లల లీగ్‌లో వాలంటీర్ కోచ్‌గా మీరే మెడలో విజిల్ వేసుకుని ఉంటే, ఇది మీ కోసం. డౌన్లు, యార్డులు, స్నాప్ లాంటి మొదటి పాఠాలు తెలుసనుకునే మొదలుపెడుతున్నాం. ఫ్రంట్‌లు, అంటే డిఫెన్స్ ముందు వరుసలు నిలబడే అమరికలు, డజను ఉన్నాయి. మేం ఒక్కదాన్నే, 4-3 ఓవర్‌నే పట్టుకుంటాం: లైన్ మీద నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు; లైన్ ఎదుటివాళ్ళ బలమైన వైపుకు జరిగి ఉండటమే ఓవర్. ఇది చేతికొస్తే మిగతావాటిలో చాలావరకు ఇద్దరు ముగ్గుర్ని జరపడంతో వచ్చేస్తాయి.

ముందు గ్యాప్‌లు లెక్కపెట్టండి

అఫెన్స్ లైన్‌లో సెంటర్‌కూ గార్డ్‌కూ మధ్య ఉన్న ఖాళీ పేరు ‘ఏ’ (A) గ్యాప్. గార్డ్‌కూ ట్యాకిల్‌కూ మధ్యది బి. ట్యాకిల్ పక్కన సి. ఆ పక్కన టైట్ ఎండ్ ఉంటే అతనికి బయట డి. సెంటర్‌కు రెండు వైపులా ఇవే అక్షరాలు.

ఐదుగురు లైన్‌మెన్ మాత్రమే ఉంటే వైపుకు మూడు చొప్పున ఆరు గ్యాప్‌లు. ఒక టైట్ ఎండ్ వస్తే ఏడు, ఇద్దరొస్తే ఎనిమిది. ఫుల్‌బ్యాక్ దారి తీస్తూ ముందు పరుగెత్తితే అతను ఎక్కడ దూరితే అక్కడ ఒక గ్యాప్ రెండుగా చీలుతుంది, అంటే ఇంకొకటి కలపాలి. క్వార్టర్‌బ్యాక్ తానే పరుగెత్తే జట్టయితే మరొకటి. ఎందుకంటే అతను బంతి ఇచ్చేసి ఊరుకుంటే మీ పదకొండుగురికి ఎదురు వాళ్ళ బ్లాకర్లు గరిష్ఠంగా తొమ్మిది మందే. బంతి తనే ఉంచుకుని పరుగెత్తితే రన్నింగ్ బ్యాక్ కూడా బ్లాకర్ అయిపోయి పది మంది అవుతారు.

చెరువు గట్టు ఎంత ఎత్తు కట్టినా ఒక్కచోట గండి వదిలేస్తే నీళ్ళన్నీ అక్కడి నుంచే పోతాయి. ఒక గ్యాప్‌కు మనిషి లేకపోతే మిగతా పదిమంది ఎంత గొప్పగా ఆడినా లాభం లేదు. ఒకే గ్యాప్‌లో ఇద్దరున్నా అదే నష్టం, ఎక్కడో ఒకచోట ఎవరూ లేరన్నమాటే.

లెక్క స్నాప్ దగ్గర మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఆటగాళ్ళు మారేటప్పుడే ఒక కోచ్ పక్కన నిలబడి ఎవరు లోపలికొచ్చారో చూసి రెండంకెల సంఖ్య అరవాలి. మొదటి అంకె బ్యాక్‌ల సంఖ్య, రెండోది టైట్ ఎండ్‌ల సంఖ్య. 21 అంటే ఇద్దరు బ్యాక్‌లు, ఒక టైట్ ఎండ్: ఏడు గ్యాప్‌లు, ఫుల్‌బ్యాక్‌తో ఎనిమిది. 12 అంటే ఎనిమిది. 11 అంటే ఏడు. 10 అంటే ఆరు, క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తేవాడైతే ఏడు. ఆ సంఖ్య వినగానే బాక్స్‌లో, అంటే లైన్‌కు ఎదురుగా ఐదారు యార్డుల లోతులోపు, ఎంతమంది ఉండాలో మీ మైక్‌కు, అంటే నడిమి లైన్‌బ్యాకర్‌కు, తెలిసిపోవాలి.

నిలబడే చోటుకు అంకెలు

ఎవరు ఎక్కడ అని వేలితో చూపించే బదులు అంకెలు వాడతారు. ఈ పద్ధతికి పేరు బమ్ ఫిలిప్స్‌కు దక్కింది. 1950ల్లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ బేర్ బ్రయంట్ దగ్గర పనిచేసిన కోచ్ ఆయన. 0 అంటే సెంటర్‌కు ముఖాముఖి, 2 గార్డ్‌కు, 4 ట్యాకిల్‌కు, 6 టైట్ ఎండ్‌కు ముఖాముఖి. బేసి సంఖ్యలు భుజం మీద: 1 సెంటర్ భుజం, 3 గార్డ్ బయటి భుజం, 5 ట్యాకిల్ బయటి భుజం, 9 టైట్ ఎండ్ బయటి భుజం. టైట్ ఎండ్ లోపలి భుజం మాత్రం 7. గార్డ్ లోపలి భుజమైతే 2ఐ, ట్యాకిల్ లోపలి భుజమైతే 4ఐ. జట్టును బట్టి ఒకటి రెండు అంకెలు మారతాయి, మీ జట్టులో ఏది వాడితే దాన్నే వాడండి.

బలమైన వైపు చెప్పి లైన్‌ను కూర్చోబెట్టండి

ఎదుటివాళ్ళ హడిల్ (గుమిగూడి ఆట చెప్పుకోవడం) విడిపోగానే మైక్ "రైట్" అనో "లెఫ్ట్" అనో రెండుసార్లు గట్టిగా అరుస్తాడు. మామూలుగా టైట్ ఎండ్ ఉన్న వైపే బలమైన వైపు. టైట్ ఎండ్ లేకపోతే ఎక్కువ రిసీవర్లున్న వైపు; అదీ సమానమైతే మైదానం వెడల్పుగా ఉన్న వైపు. హైస్కూల్‌లో హాష్ గీతలు మైదానాన్ని సరిగ్గా మూడు భాగాలు చేస్తాయి. బంతి ఒక హాష్ మీద ఉంటే ఒక పక్క 18 యార్డుల లోపే, ఇంకో పక్క 35 యార్డుల పైన ఖాళీ. ఇరుకు వైపు సైడ్‌లైనే మీ పన్నెండో మనిషి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హాష్‌లు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి టీవీలో చూసిన అమరికను ఈ విషయంలో గుడ్డిగా దింపకండి.

టైట్ ఎండ్ కుడివైపున్నాడు, క్వార్టర్‌బ్యాక్ వెనక ఐ ఫార్మేషన్‌లో, అంటే ఒకరి వెనక ఒకరుగా, ఇద్దరు బ్యాక్‌లు అనుకుందాం. మీ మనుషులు ఇలా:

బలమైన వైపు గార్డ్ బయటి భుజం మీద త్రీ-టెక్నిక్, అంటే 3లో నిలబడే లోపలి లైన్‌మన్; బి గ్యాప్ అతనిది. లోపలి కాలు గార్డ్ రెండు కాళ్ళ నడుమకు ఎదురుగా ఉండాలి. అటువైపు ఎండ్ 7లో, అంటే టైట్ ఎండ్ లోపలి భుజం మీద, సి గ్యాప్. శామ్, అంటే బలమైన వైపు లైన్‌బ్యాకర్, లైన్ మీదికే వచ్చి 9లో నిలబడి ఆడతాడు, డి గ్యాప్. బలహీనమైన వైపు నోస్, అంటే రెండో లోపలి లైన్‌మన్, సెంటర్ భుజం మీద, అటు ఏ గ్యాప్. అటు ఎండ్ 5లో, సి గ్యాప్. మిగిలినవి రెండు: బలమైన వైపు ఏ గ్యాప్ మైక్‌ది, బలహీనమైన వైపు బి గ్యాప్ విల్‌ది, అంటే ఆ వైపు లైన్‌బ్యాకర్‌ది. ఏడుకు ఏడు సరిపోయాయి. ఫుల్‌బ్యాక్ తెచ్చే ఎనిమిదోదానికి స్ట్రాంగ్ సేఫ్టీ ఏడెనిమిది యార్డుల లోతుకు దిగుతాడు. వెనక మిగిలేది ఇద్దరు కార్నర్లు, ఒక ఫ్రీ సేఫ్టీ.

నోస్, త్రీ-టెక్నిక్ ఇద్దరూ బంతికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, ఆఫ్‌సైడ్ కాకుండా ఉండాలి. స్నాప్‌కు కదలాలి కానీ క్వార్టర్‌బ్యాక్ గొంతుకు కాదు. బంతి కదలడమే సంకేతం. మొదటి అడుగు చిన్నది, ఆరంగుళాలు. రెండో అడుగు నేలను తాకేలోపు చేతులు ఎదుటివాడి ఛాతీ మీద ఉండాలి. భుజాలు అతని భుజాలకన్నా కిందుగా లేకపోతే పై రెండు వాక్యాలు దండగ.

ఎదుటి లైన్‌మెన్ మధ్య ఎడం మామూలుగా రెండడుగులు. కొన్ని జట్లు కావాలనే మూడడుగులకు మించి జరుగుతాయి, మీవాళ్ళు వాళ్ళ వెంట బయటికి జరిగితే మధ్యలో దారి తెరుచుకుంటుందని. గార్డ్ మరీ బయటికి జరిగితే త్రీ-టెక్నిక్ వెంట వెళ్ళకూడదు. ఖాళీలోకే జరిగి స్నాప్‌కు సూటిగా దూసుకుపోవాలి. రెండుసార్లు అలా వెనక పడగొడితే ఎడం దానంతటదే తగ్గుతుంది.

లైన్‌బ్యాకర్లు: లోతు, చూపు

మైక్, విల్ మడమలు బంతికి ఐదు యార్డుల వెనక. మూడో డౌన్‌కు ఒకటి రెండు యార్డులే కావాల్సినప్పుడు మూడు యార్డులకు రండి. పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: ఉత్సాహంలో మూడు యార్డులకు వచ్చేసి నిలబడతారు, అక్కడి నుంచి పక్కకు పరుగెత్తబోతే సొంత లైన్‌మెన్ కాళ్ళే అడ్డం తగులుతాయి.

చూడాల్సింది బంతి ఉన్నవాడిని కాదు, ముందున్న గార్డ్‌ను. బ్యాక్‌లు అబద్ధం చెప్పగలరు. కౌంటర్ ఆటలో వాళ్ళు ఒక అడుగు ఎడమకు వేసి కుడికి తిరుగుతారు. గార్డ్‌కు మాత్రం ఆ అవకాశం తక్కువ, అతనికి చేయాల్సిన బరువు పని ఉంది.

గార్డ్ సూటిగా మీ మీదికొస్తే మీ గ్యాప్ నింపండి. ఒక పక్కకు అడుగేసి భుజాలు వాల్చి పరుగెడితే జోన్, అంటే లైనంతా ఒకే పక్కకు జరుగుతూ బ్లాక్ చేసే పరుగు. అటే, భుజాలు గోల్‌లైన్‌కు సమాంతరంగా ఉంచి జరగండి. లేచి వెనక్కి తగ్గితే పాస్. లోపలికి, సెంటర్ వైపు బ్లాక్ చేస్తే అతను వదిలేసిన ఖాళీలోకి ఇంకెవరో వస్తున్నారు, అటు చూడండి. లైన్ వెనక నుంచి అవతలి వైపుకు పరుగెడితే, అంటే పుల్ అయితే, అదే అన్నిటికన్నా ముఖ్యమైన సంకేతం. పుల్ అయిన గార్డ్ తనతో పాటు ఒక గ్యాప్‌ను కూడా అవతలి వైపుకు మోసుకుపోతాడు. ఇటు ఒకటి తగ్గింది, అటు ఒకటి పెరిగింది. కాబట్టి విల్ కూడా అటు వెళ్ళాలి. విల్ వదిలిన చోటును ఇటు ఎండ్ లోపలికి ముడుచుకుంటూ, బంతి వెనక నుంచి తరుముతూ మూస్తాడు. ఈ ఒక్క పేరా అర్థమైతే గార్డ్ పుల్ అయ్యే పవర్, కౌంటర్, ట్రాప్ ఆటలు మూడింటికీ సగం జవాబు దొరికినట్టే.

వెనకవైపు లైన్‌బ్యాకర్‌కు ఇంకో నియమం: బంతిని దాటి ముందుకు పోకూడదు. బంతి ఉన్నవాడి వెనక తుంటికి సమంగా, ఒక అడుగు వెనకే ఉంటూ రావాలి. దాటేశారా, వాడు ఒక్క కోత కోసి, అంటే చటుక్కున దిశ మార్చి, మీరు వదిలిన చోటు నుంచే వెళ్ళిపోతాడు.

అంచు: లోపలికి తిప్పాలా, బయటికి చిమ్మాలా

జట్లు గొడవపడే చోటు ఇది. లైన్‌లో చివరి మనిషి మీదికి ఫుల్‌బ్యాక్ గానీ గార్డ్ గానీ వచ్చి బయటికి నెట్టబోతాడు, కికౌట్ అంటారు. ఆ చివరి మనిషి, మన అమరికలో బలమైన వైపు శామ్, రెండు రకాలుగా ఎదుర్కోవచ్చు.

బాక్స్ పద్ధతిలో (పైన చెప్పిన బాక్స్ అనే చోటు వేరు, ఇది వేరు) బ్లాకర్‌ను లోపలి భుజంతో కొడతాడు, బయటి చెయ్యి ఖాళీగా ఉంచుతాడు. బంతి తప్పనిసరిగా లోపలికే తిరగాలి, అక్కడ మైక్, సేఫ్టీ ఉంటారు. స్పిల్ పద్ధతిలో కిందికి వంగి బ్లాకర్ లోపలి సగాన్ని బయటి భుజంతో పగలగొట్టి దారి మూసేస్తాడు. బంతి బయటికి చిమ్ముతుంది, అక్కడికి మైక్ శామ్ వెనకనుంచి చుట్టి వస్తాడు, అతనికీ బయట సేఫ్టీ కాపలా.

రెండూ పనిచేస్తాయి. కలిపితేనే కొంప మునుగుతుంది. శామ్ స్పిల్ చేశాడు, సేఫ్టీ మాత్రం బాక్స్ అనుకుని లోపలికి దూరాడు: సైడ్‌లైన్ పక్కనుంచి టచ్‌డౌన్. శామ్ బాక్స్ చేశాడు, మైక్ స్పిల్ అనుకుని బయటికి తిరిగాడు: నట్టనడుమ లారీ పట్టేంత దారి. అందుకే హడిల్‌లో ఫ్రంట్ పేరుతో పాటు ఈ మాట కూడా చెప్పితీరాలి, లేదా సీజనంతా ఒకటే పద్ధతి అని ముందే తేల్చేయాలి.

మా అభిప్రాయం అడిగితే, వేగమైన లైన్‌బ్యాకర్లు లేని బడి జట్టుకు బాక్సే మేలు. స్పిల్‌లో బంతి బయటికి పోతున్న కొద్దీ మీ లైన్‌బ్యాకర్ దానికన్నా ముందు చేరాలి. చేరలేకపోతే ఆ పద్ధతి ఎంత తెలివైనదైనా స్కోర్‌బోర్డు దాన్ని పట్టించుకోదు. బలహీనమైన వైపు ఎండ్‌ను మాత్రం ఎలాగూ బాక్సే ఆడించండి. వెనక మైదానాన్ని ముగ్గురు మూడు భాగాలుగా పంచుకునే కవరేజ్ ఆడుతుంటే అటు కార్నర్ వెనక్కి పోతాడు, స్పిల్ అయిన బంతికి బయట ఎవరూ ఉండరు.

ఏ పద్ధతైనా ఎండ్ గానీ శామ్ గానీ స్నాప్ కాగానే నాలుగైదు యార్డులు ముందుకు దూసుకుపోతే కికౌట్ చేసేవాడికి పని లేకుండానే పని అయిపోతుంది. లోపల ట్యాకిల్ కిందికి, అంటే సెంటర్ వైపుకు, బ్లాక్ చేస్తే, మీద మీదికి ఎవరూ రాకపోతే, ఆ ఖాళీ ఉచ్చు. ఒక యార్డు దాటకుండా ఆగి, లోపలికి ముడుచుకోండి. పాస్ రష్ బాగా చేసే కుర్రాళ్ళకు ఇది నేర్పడం కష్టం, క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టే ఆశ వాళ్ళను లాగుతూ ఉంటుంది.

వెనకవాళ్ళ సంగతి క్లుప్తంగా. ప్రతి వైపూ ఒకరు బయటి కాపలా, ఒకరు ఆ కాపలాకూ బాక్స్‌కూ మధ్య సందులోకి వచ్చేవాడు, ఒకరు ఆఖరి గోడ. ఫ్రీ సేఫ్టీ రన్ అని తేలేవరకు ముందుకు రాడు. తేలాక కూడా బంతి లోపలి వైపు నుంచే వస్తాడు. కార్నర్ తన రిసీవర్ బ్లాక్ చేయడం మొదలుపెట్టాడని చూసేవరకు రన్ గురించి ఆలోచించకూడదు. రన్ బాగా ఆపుతున్న రోజునే ప్లే యాక్షన్ పాస్‌కు, అంటే రన్ అని నమ్మించి విసిరే పాస్‌కు, లాంగ్ టచ్‌డౌన్ ఇచ్చే జట్లు చాలా.

నాలుగు ఆటలు, నాలుగు చిక్కులు

ఇన్‌సైడ్ జోన్‌లో గార్డ్, ట్యాకిల్ ఇద్దరూ మీ త్రీ-టెక్నిక్ మీద పడి, వాళ్ళలో ఒకడు తర్వాత విల్ లేదా మైక్ మీదికి ఎక్కుతాడు. ఇద్దరి మధ్య చిక్కిన కుర్రాడు గుండ్రంగా తిరిగి తప్పించుకోవాలని చూస్తాడు. తిరగనివ్వకండి. తుంటి కిందికి దించి, ఒక మోకాలు నేలకు తాకినా సరే, గ్యాప్‌లోనే గుంజలా ఉండిపోవాలి. ఇద్దరినీ ఎంతసేపు పట్టి ఉంచితే వెనక లైన్‌బ్యాకర్ అంతసేపు స్వేచ్ఛగా ఉంటాడు. ఇతని పేరు లెక్కల్లోకి రాదు, అయినా ఆ పరుగును ఆపింది ఇతనే. కోచ్ ఆ మాట మ్యాచ్ వీడియో చూసే గదిలో అందరి ముందూ చెప్పాలి.

అవుట్‌సైడ్ జోన్‌లో లైనంతా ఒకేసారి పక్కకు పరుగెడుతుంది. త్రీ-టెక్నిక్‌కు బయటగా గార్డ్ తలకాయ చేరిందంటే బి గ్యాప్ పోయినట్టే. పక్కకు జరుగుతూ బయటి చెయ్యి ఖాళీగా ఉంచుకోవాలి. ప్రమాదం మాత్రం వెనకవైపు: అందరూ అటే పరుగెడతారు, రన్నింగ్ బ్యాక్ ఒక్క అడుగు నాటి వెనక్కి కోస్తాడు. వెనకవైపు ఎండ్ వరుసగా మూడు చూసుకున్నాకే తరమాలి: క్వార్టర్‌బ్యాక్ బంతితో బయటికి తిరుగుతున్నాడా, బంతి వెనక్కి కోస్తోందా, రివర్స్ (బంతి చేతులు మారి ఇటువైపే తిరిగొచ్చే ఆట) వస్తోందా.

పవర్‌లో బలమైన వైపు లైన్ కిందికి బ్లాక్ చేస్తుంది, ఫుల్‌బ్యాక్ శామ్‌ను బయటికి నెడతాడు, అవతలి గార్డ్ పుల్ అయి మధ్య సందులోంచి వస్తాడు. 7లో ఉన్న ఎండ్ టైట్ ఎండ్ ఒత్తిడికి లోపలికి కొట్టుకుపోకూడదు. శామ్ సందును బయటి నుంచి, ఎండ్ లోపలి నుంచి బిగించాలి. మైక్ ఆ గార్డ్‌ను లైన్ మీదే ఢీకొనాలి, లైన్ దాటి రెండు యార్డులు వచ్చాక కాదు. ఆ ఢీ ఎక్కడ జరిగితే పరుగు అక్కడే ముగుస్తుంది.

రీడ్ ఆప్షన్‌లో ఎండ్‌ను ఎవరూ బ్లాక్ చేయరు. క్వార్టర్‌బ్యాక్ అతన్నే చూస్తుంటాడు. ఎండ్ లోపలికొస్తే బంతి ఉంచుకుంటాడు, ఆగితే ఇచ్చేస్తాడు. దీనికి మార్పిడి ఆడండి: ఎండ్ నిస్సంకోచంగా రన్నింగ్ బ్యాక్ మీద పడతాడు, విల్ అతని వెనకనుంచి బయటికి తిరిగి క్వార్టర్‌బ్యాక్‌ను కాస్తాడు. ఒక్కటే షరతు, ఇది ప్రతిసారీ ఆడకూడదు. ఒక సిరీస్‌లో మార్పిడి, ఇంకో సిరీస్‌లో మామూలుగా. క్వార్టర్‌బ్యాక్ చదివేది తప్పు పుటగా ఉండాలి. బంతి ముగ్గురిలో ఎవరి దగ్గరైనా తేలే ట్రిపుల్ ఆప్షన్ ఆడే జట్టయితే ముగ్గురి పేర్లూ ముందే రాసిపెట్టండి: డైవ్ (నడుమ దూరే బ్యాక్) ఎవరిది, క్వార్టర్‌బ్యాక్ ఎవరివాడు, పిచ్ (బయటి బ్యాక్‌కు విసిరే బంతి) ఎవరిది. ఆ వారం ఇంకేమీ నేర్పక్కర్లేదు.

ఫార్మేషన్ మారితే

ఇంకో వైపు రెండో టైట్ ఎండ్ వస్తే అటు ఎండ్ 5 నుంచి 7కు జరుగుతాడు, ఒక సేఫ్టీ లైన్ మీదికి దిగి అటు 9 అవుతాడు. ఎనిమిది గ్యాప్‌లు, ఎనిమిది మంది.

11తో ముగ్గురు రిసీవర్లొస్తే శామ్ స్లాట్ రిసీవర్ (లైన్‌కూ అంచు రిసీవర్‌కూ మధ్య నిలబడేవాడు) మీదికి వెళ్ళక తప్పదు. బాక్స్‌లో ఆరుగురే మిగులుతారు, గ్యాప్‌లు ఏడు. టైట్ ఎండ్‌కు కాస్త బయటగా ఆరేడు యార్డుల లోతులో సేఫ్టీని ఉంచి డి గ్యాప్ అప్పగించండి. ఆ సేఫ్టీ పన్నెండు యార్డుల వెనక నిలబడితే కాగితం మీద ఏడుగురున్నా మైదానంలో ఆరుగురే. 10 అయితే లెక్క తేలిక: ఎండ్‌లు ఇద్దరూ 5లో, మిగతా అంతా అలాగే.

లైన్ అసమానంగా కూర్చుంటే, సెంటర్‌కు ఒక వైపు ఇద్దరు, ఇంకో వైపు నలుగురు ఉంటే, బంతి ఉన్నచోటును మర్చిపోయి లైన్‌కు నడుమ ఎవరున్నారో చూడండి. అతన్నే సెంటర్ అనుకుని ఫ్రంటంతా ఒక మనిషి పక్కకు జరగాలి. చిన్నపిల్లల లీగ్‌లో ఈ ఎత్తుకు మొదటి మ్యాచ్‌లోనే పడిపోతారు, ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి. స్నాప్‌కు ముందు ఒక రిసీవర్ అడ్డంగా పరుగెత్తుతూ వస్తే లైన్ కదలొద్దు. లైన్‌బ్యాకర్లు అరడుగు అటు జరగాలి, అటు సేఫ్టీ దిగాలి, ఇవతలి సేఫ్టీ నడుమకు రావాలి, అంతే.

లోపలి పరుగు అసలు ఆగకపోతే బేర్ ఫ్రంట్ ఉంది: 0లో ఒకడు, రెండు వైపులా 3లో ఇద్దరు. సెంటర్‌కూ ఇద్దరు గార్డ్‌లకూ తలా ఒకరు మీద కూర్చున్నాక ఇద్దరు కలిసి ఒకడిని తొయ్యడమూ కష్టమే, గార్డ్ పుల్ అవడమూ కష్టమే. షికాగో బేర్స్ డిఫెన్స్ కోచ్ బడ్డీ రయన్ 46 డిఫెన్స్ పుట్టింది ఈ ఆలోచనలోంచే. బేర్స్ సేఫ్టీ డగ్ ప్లాంక్ జెర్సీ సంఖ్యే దాని పేరు. 1985 సీజన్‌లో బేర్స్ ప్లేఆఫ్స్‌లో జెయింట్స్‌కూ రామ్స్‌కూ ఒక్క పాయింటూ ఇవ్వలేదు, సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మొత్తం పరుగు 7 యార్డులు. ఊరికే మురిసిపోకండి, ఆ ఫ్రంట్ వెనక కార్నర్లు ఒంటరిగా కాపాడగలగాలి. షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు కొన్ని యార్డుల వెనక నిలబడి) నలుగురు రిసీవర్లతో లోపలి పరుగు ఆడేవాళ్ళకైతే టైట్ ఫ్రంట్ మేలు: 4ఐ, 0, 4ఐ. రెండు బి గ్యాప్‌లూ మూసుకుపోయి, బంతి బయటికి తిరగాల్సి వస్తుంది.

రెండు యార్డుల గీత దగ్గర

గోల్‌లైన్ దగ్గర పాస్‌కు చోటు లేదు కాబట్టి కవరేజ్ మీద ఖర్చు తగ్గించండి. లైన్ మీద ఆరుగురు, వెనక రెండు మూడు యార్డుల్లో ఇద్దరు లైన్‌బ్యాకర్లు. లోపలి ఇద్దరు రెండు చేతులూ నేల మీద పెట్టి, ఏ గ్యాప్‌ల్లోకి సెంటర్ గార్డ్‌ల మోకాళ్ళ ఎత్తులో దూసుకుపోతారు. వాళ్ళు ఎవరినీ పడగొట్టక్కర్లేదు; కుప్ప చేస్తే చాలు. క్వార్టర్‌బ్యాక్ స్నీక్‌కు ఫిలడెల్ఫియా ఈగల్స్ 2022 నుంచి వెనకనుంచి తోసే రూపం ఇచ్చాక దీన్ని ఆపలేమన్న నమ్మకం పెరిగింది. 2025 మేలో ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులు నిషేధానికి ఓటేస్తే 22 వచ్చాయి, కావాల్సినవి 24. నిషేధం ఉన్నా లేకపోయినా సెంటర్‌కన్నా కిందుగా ఉన్న లైన్‌మనే తొలి జవాబు.

ప్రాక్టీస్‌లో

పాత గార్డెన్ హోస్ నేల మీద పరిచి దాని మీద ఎదుటి లైన్‌మెన్ ఎడాలు టేపుతో గుర్తుపెట్టండి. ఒక కోచ్ ఫార్మేషన్ కార్డు చూపించగానే డిఫెన్స్ ఐదారు సెకన్లలో నిలబడాలి, ప్రతి ఒక్కడూ తన గ్యాప్ పేరు బిగ్గరగా చెప్పాలి. బంతి లేదు, ఢీకొట్టడం లేదు, రోజూ పది నిమిషాలు. తర్వాత లైన్, టైట్ ఎండ్, బ్యాక్‌లతో బాక్స్‌లోని ఏడుగురిని మాత్రమే ఆడించండి, మొదట నడక వేగంలో. పడగొట్టడం నేర్పేటప్పుడు తల ఎప్పుడూ పక్కకు, కళ్ళు పైకి, దెబ్బ భుజంతో. తల వంచి హెల్మెట్ నెత్తితో ఢీకొట్టడం పెనాల్టీ, మెడకు ప్రమాదం. అలా చేసిన కుర్రాడిని అప్పటికప్పుడు పక్కకు పిలిచి సరిదిద్దండి.

మ్యాచ్ వీడియో చూసేటప్పుడు నాలుగు యార్డులు దాటిన ప్రతి పరుగునూ ఆపి, బంతి లైన్ దాటిన గ్యాప్ అక్షరం రాయండి. తర్వాత స్నాప్‌కు ఒక సెకను ముందటి క్షణానికి వెనక్కి తిప్పి, ఆ గ్యాప్ యజమాని ఎక్కడున్నాడో చూడండి. తప్పుచోట ఉంటే అమరిక తప్పు, కార్డులతో పోతుంది. సరైన చోటే ఉండి కదిలిపోతే కళ్ళ తప్పు, గార్డ్‌ను కాక బ్యాక్‌ను చూశాడు. చోటూ చూపూ సరిగ్గా ఉండి కూడా వెనక్కి నెట్టబడితే అప్పుడు మాత్రమే అది బలం, ఎత్తు, భుజాల సంగతి. ఒకే అక్షరం మూడుసార్లు వచ్చిందంటే వచ్చే శుక్రవారం ఎదుటి కోచ్ కూడా అదే అక్షరం రాసుకుని ఉంటాడు, సోమవారం ప్రాక్టీస్ అక్కడి నుంచే మొదలుపెట్టండి.